నవాగామ్ నేల గచ్చు కాదు

2022 జనవరి 6న ఇంకా తెల్లవారకముందే సూరత్ శివారులోని సచిన్ పారిశ్రామిక ప్రాంతంలో, ఒక అద్దకం మిల్లు పక్కన, మురుగు కాల్వ దగ్గర ఒక ట్యాంకర్ ఆగింది. అందులో ఉన్నది రసాయన వ్యర్థం. శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లి, రుసుము చెల్లించి, రసీదు పుచ్చుకోవలసిన సరుకును చీకటి మాటున కాల్వలోకి వదిలేశారు. క్షణాల్లో విషవాయువు లేచింది. ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు.

ఆ తర్వాత జరగవలసిన తంతు జరిగింది. పరామర్శలు, పరిహారం ప్రకటనలు, అరెస్టులు, జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానుగా చేపట్టిన విచారణ. ట్యాంకర్ ఎవరిది, సరుకు ఎవరిది, మామూళ్లు ఎవరికి అన్న ప్రశ్నలు పత్రికల్లో కొన్నాళ్లు నడిచాయి. అవి అవసరమైన ప్రశ్నలే. అంతకంటే మౌలికమైన ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. ఆ రసాయనం ఆ నేల మీద, ఆ కాల్వలో పడితే ఏమవుతుందో ముందుగా లెక్క వేసి చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ఆ లెక్క ఎక్కడ ఉంది?

లెక్క లేదని ఏ అధికారీ అనడు. ప్రమాదకర పరిశ్రమలున్న ప్రతి జిల్లాకూ చట్టప్రకారం అత్యవసర ప్రణాళిక ఉండాలి. అందులో రంగుల పటాలు, వాటి మీద వృత్తాలు ఉంటాయి. ఆ వృత్తాలను గీసిన కంప్యూటర్ మోడల్ మాత్రం ఒక ఊహ మీద నిలబడి ఉంటుంది. ఒలికిన రసాయనాన్ని నేల పీల్చుకోదన్నదే ఆ ఊహ.

సచిన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, పాండేసరా అద్దకం మిల్లులకు ఇంకా దగ్గరగా, నవాగామ్ ఉంది. డిండోలీ, లింబాయత్‌లతో కలిసిపోయిన ఈ ప్రాంతంలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన తెలుగు నేత కుటుంబాలు కొన్ని తరాలుగా బతుకుతున్నాయి. ఒడియా, మరాఠీ, భోజ్‌పురి మాట్లాడే కార్మికులు వారి ఇరుగుపొరుగు. వారి ఇళ్ల కింద ఉన్నది నేల. పీల్చుకునే నేల. ప్రభుత్వ ప్రణాళికలో ఉన్నది గచ్చు. ఈ రెండింటి మధ్య తేడా సాంకేతిక వివరం కాదు, రాజకీయ నిర్ణయం.

వృత్తంలో పట్టని విషం

భోపాల్ తర్వాత దేశం కొన్ని చట్టాలు చేసుకుంది. 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు వచ్చాయి. కర్మాగారం లోపలి ప్రమాదానికి యజమాని, ప్రహరీ దాటిన ప్రమాదానికి జిల్లా యంత్రాంగం ప్రణాళిక రాయాలని అవి ఆదేశించాయి. 1996లో రసాయన ప్రమాదాల నియమాలు వచ్చాయి. కేంద్రం నుంచి పారిశ్రామికవాడ దాకా నాలుగు అంచెల్లో సంక్షోభ నివారణ బృందాలు ఏర్పడాలన్నాయి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన కింద, ప్రమాద అంచనా రాసే సలహా సంస్థను ఎంచుకునేదీ, ఫీజు చెల్లించేదీ పరిశ్రమ యజమానే. పరీక్ష రాసేవాడే దిద్దేవాడిని కూలికి పెట్టుకునే ఏర్పాటిది.

ఈ నివేదికల్లో తరచుగా కనిపించే పేరు అలోహా. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఆ దేశపు సముద్ర వాతావరణ సంస్థ కలిసి రూపొందించిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ప్రమాదం జరిగిన నిమిషాల్లో అగ్నిమాపక అధికారి ఎవరిని ఎంత దూరం తరలించాలో అంచనా వేసుకోవడం కోసం దాన్ని తయారు చేశారు. ఆ పనికి అది చక్కని పనిముట్టు. తన పరిమితులేమిటో తయారీదారులే దాపరికం లేకుండా రాసిపెట్టారు. వాయువు వెలువడే వ్యవధిని అది ఒక గంటకు మించి లెక్కించదు. పది కిలోమీటర్లు దాటి చూడదు. గాలి దాదాపు స్తంభించిన వేళల్లో దాని అంచనాను నమ్మలేం. రసాయనాలు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించే కొత్త పదార్థాలు దాని లెక్కలోకి రావు. ఒలికిన ద్రవం నేలలోకి ఇంకదనే అది భావిస్తుంది. కాంక్రీటా, పొడి ఇసుకా, తడి ఇసుకా అని అడుగుతుంది నిజమే. కానీ అడిగేది నేల నుంచి ద్రవానికి ఎంత వేడి అందుతుందో లెక్కించడానికే, నేల ఎంత తాగుతుందో తెలుసుకోవడానికి కాదు.

ఈ పరిమితులను సచిన్ కాల్వ పక్కన పెట్టి చూస్తే సంగతి బోధపడుతుంది. ట్యాంకర్‌లోని సల్ఫైడ్ రసాయనం కాల్వలో అప్పటికే పారుతున్న ఆమ్ల వ్యర్థంతో కలిసి హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారిందన్నది విచారణలో ముందుకొచ్చిన వివరణ. కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులు చేసే చర్యే అది. ట్యాంకర్‌లోని పదార్థం పేరును మోడల్‌కు ఇస్తే అది ట్యాంకర్‌లోని పదార్థం గురించే చెబుతుంది. చంపిన వాయువు ట్యాంకర్‌లో లేదు, కాల్వలో పుట్టింది. కాల్వలో ఏముందో తెలియని ప్రణాళిక చావును ఊహించలేదు.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. గంట సేపటి పనిముట్టును ఏళ్ల తరబడి భద్రతకు హామీపత్రంగా చూపించేవారిది. కుట్టుసూదితో గునపం పని చేయించి, గుంట పడలేదు కనుక నేల గట్టిదని తీర్పు చెప్పడం వంటిదే ఇది.

నేల తాగే తీరు

నేల ఏం చేస్తుందో శాస్త్రానికి తెలియనిదేమీ కాదు. ఇసుక పొరల గుండా నీరు ఎలా ప్రవహిస్తుందో ఫ్రెంచి ఇంజినీరు హెన్రీ డార్సీ 1856లోనే సూత్రీకరించాడు. సన్నని రంధ్రాల్లోకి ద్రవం తనంతట తాను ఎలా పాకుతుందో 1921లో వాష్‌బర్న్ సమీకరణం చెప్పింది. దీపపు వత్తి నూనెను పైకి లాగే కేశనాళిక చర్య అది. ఆ లెక్క ప్రకారం ద్రవం పాకే దూరం కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అంటే నాలుగు రెట్ల సమయానికి రెండు రెట్ల లోతు. సగం తడిసిన నేలలో కదలికను 1931లో రిచర్డ్స్ సమీకరణం పట్టుకుంది. భూగర్భ జలాల్లో ప్రవాహాన్ని లెక్కించే మాడ్‌ఫ్లో అనే ప్రోగ్రామును అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1984 నుంచీ ఉచితంగా ఇస్తూనే ఉంది.

చిన్న లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. 10,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి ఒలికిందనుకుందాం. నున్నటి గచ్చు మీద ఒక సెంటీమీటరు మందాన పరుచుకుంటే ఆ మడుగు 1,000 చదరపు మీటర్లను ఆక్రమిస్తుంది. అందరి కంటికీ కనిపిస్తుంది, త్వరగా ఆవిరవుతుంది. అదే సరుకు 100 చదరపు మీటర్ల మట్టినేల మీద పడిందనుకుందాం. మట్టిలో ఖాళీ జాగా 40 శాతం, అందులో సగం అప్పటికే తేమతో నిండి ఉందనుకుంటే, ఆ మొత్తం సరుకు కేవలం అర మీటరు లోతు మట్టిలో ఇమిడిపోతుంది. మర్నాడు తనిఖీకి వచ్చిన అధికారికి కనిపించేది చెమ్మగిల్లిన నేల మాత్రమే. ‘ఒలికిన రసాయనం ఆవిరైపోయింది, పరిస్థితి అదుపులో ఉంది’ అని ప్రకటన వెలువడుతుంది. ఆవిరైంది కొంత. మిగిలింది నేల కడుపులో ఉంది.

అక్కడ అది ఊరికే ఉండదు. ఎండ కాసినప్పుడు తిరిగి ఆవిరై పైకి వస్తుంది. వాన పడితే కిందికి దిగుతుంది. బెంజీన్, జైలీన్ వంటి తేలిక ద్రవాలు భూగర్భ జలం మీద తెట్టుగా తేలుతాయి. క్లోరిన్ కలిసిన బరువైన ద్రావకాలు నీటిని చీల్చుకుని అడుగుకు చేరి, అక్కడి నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కరుగుతూనే ఉంటాయి. నీళ్లలో కలిసే ఆమ్లాలు మట్టిలోని లోహాలను కరిగించి వెంట తీసుకుపోతాయి.

దక్షిణ గుజరాత్‌లో విస్తారంగా ఉన్న నల్లరేగడిది మరో కథ. బంకమట్టి నీటిని తేలికగా దిగనివ్వదని పుస్తకం చెబుతుంది. ఆ మాట పట్టుకుని ‘ఇక్కడ భూగర్భ జలాలకు సహజ రక్షణ ఉంది’ అని రాసేయవచ్చు. రేగడి వేసవిలో ఎలా నెర్రెలిచ్చుతుందో తెలంగాణ పల్లెల్లో పెరిగిన ఏ నేత కార్మికుడినడిగినా చెబుతాడు. ఆ నెర్రెల్లో పడిన ద్రవం మట్టి రంధ్రాల కోసం ఆగదు, సందుల గుండా నేరుగా దిగిపోతుంది. కనుక నేలను గచ్చుగా భావించే మోడల్ ఒక విధంగా మోసం చేస్తే, నేలను నెర్రెలు లేని బంకమట్టి ముద్దగా భావించే మోడల్ మరో విధంగా మోసం చేస్తుంది.

అసలు గచ్చు కూడా పూర్తిగా గచ్చు కాదు. కాంక్రీటులో, ఇటుకలో, సిమెంటు పూతలో సూక్ష్మరంధ్రాలుంటాయి. అవి రసాయనాన్ని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. ఇసుక మీద, కాంక్రీటు మీద, తారు మీద పడిన రసాయనాయుధపు చుక్క ఎంత లోతుకు దిగుతుంది, ఎన్ని గంటలకు తిరిగి ఆవిరిగా లేస్తుంది అన్నది తేల్చడానికి అమెరికా రక్షణశాఖ ఏళ్ల తరబడి ప్రయోగాలు, కంప్యూటర్ అనుకరణలు చేయించింది. ఆ ఫలితాల్లో చాలా భాగం పరిశోధన పత్రికల్లో ప్రచురితమైంది. సైనికుడి బూటు కింద నేల గురించి శాస్త్రం అంత శ్రద్ధ పెట్టింది. మగ్గం కార్మికుడి చాప కింద నేలకు ఆ శ్రద్ధలో పదో వంతు కూడా దక్కలేదు.

బిచ్రీ బావులు, తెలుగు న్యాయమూర్తి తీర్పు

నేల మింగిన విషం ఏమవుతుందో దేశానికి తెలియదనే వాదనకు 1996 తర్వాత చోటు లేదు. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్రీ అనే పల్లె ఉంది. 1980ల చివర అక్కడ హెచ్ యాసిడ్ తయారు చేశారు. బట్టల రంగులకు మూల పదార్థాల్లో అదొకటి. వేల టన్నుల విషపు మడ్డిని ఆరుబయట కుప్పలు పోశారు. వాన దాన్ని నేలలోకి దించింది. బావుల నీళ్లు రంగు మారాయి. మనిషి తాగడానికి, పశువు తాగడానికి, పైరు తడపడానికి పనికిరాకుండా పోయాయి. జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 350 హెక్టార్ల మేర నేల కలుషితమైందని లెక్కగట్టింది. శుద్ధికి సుమారు 37 కోట్ల 38 లక్షల రూపాయలు అవుతుందన్నది.

1996 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పు చెప్పింది. ప్రమాదకరమైన పని చేసేవాడు ఎంత జాగ్రత్త తీసుకున్నానని చెప్పుకున్నా నష్టానికి సంపూర్ణ బాధ్యత వహించాలని, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని స్పష్టం చేసింది. తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. దేశ పర్యావరణ న్యాయానికి మూలస్తంభాల్లో ఒకటైన ఆ తీర్పు నిలబడింది నేల తాగిన రసాయనం మీదే.

తీర్పు నిలిచింది, అమలు కుంటుపడింది. పదిహేనేళ్ల తర్వాత, 2011లో, బాకీపై చక్రవడ్డీ కట్టాలని అదే సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. ఆ పదిహేనేళ్లూ నేల వాయిదా కోరలేదు, విషం స్టే తెచ్చుకోలేదు. అది తన దారిన దిగుతూనే పోయింది.

భోపాల్‌దీ ఇదే పాఠం. 1984 డిసెంబర్ 2 రాత్రి గాలిలో వచ్చిన మృత్యువు ప్రపంచానికి తెలుసు. ఫ్యాక్టరీ ఆవరణలో నేలలోకి, అక్కడి నుంచి చుట్టుపక్కల బస్తీల నీటిలోకి దిగిన విషం గురించి తెలిసింది తక్కువ మందికి. ఆ ఆవరణలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాన్ని తరలించడానికి 2025 జనవరి దాకా ఆగవలసి వచ్చింది. గాలి ఆ రాత్రే వెళ్లిపోయింది. నలభై ఏళ్లు దాటినా నేల ఇంకా సాక్ష్యం చెబుతూనే ఉంది.

పాలకుల రంగు ఏదైనా

ఇది గుజరాత్ మీద నేరారోపణ చేసి, తెలుగు రాష్ట్రాలు చేతులు దులుపుకోగల విషయం కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో ఢిల్లీ ఐఐటీ సాయంతో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను కొలిచింది. అంక్లేశ్వర్ 88.50తో మొదటి స్థానంలో, వాపి 88.09తో రెండో స్థానంలో నిలిచాయి. రెండూ దక్షిణ గుజరాత్‌వే. 70 మార్కులు దాటిన అత్యంత కలుషిత ప్రాంతాల జాబితాలోనే విశాఖపట్నం 70.82తో, పటాన్‌చెరు–బొల్లారం 70.07తో ఉన్నాయి. గుజరాత్‌ను దశాబ్దాలుగా ఏలుతున్నది బీజేపీ. పటాన్‌చెరు నక్కవాగు మందుల కంపెనీల మురుగుతో నిండినప్పుడు ఉమ్మడి రాష్ట్రాన్ని ఏలింది కాంగ్రెస్, తెలుగుదేశం. పటాన్‌చెరు రైతుల మొర 1990లో సుప్రీంకోర్టుకు చేరి, హరిత ట్రిబ్యునల్‌లో తుది తీర్పు వచ్చేసరికి 2017 అయింది. జెండాలు మారాయి, నేల పట్ల వైఖరి మారలేదు.

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు. నాటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది. ఉన్నతస్థాయి కమిటీ వేసింది. మెచ్చుకోదగినదే. అయితే ఆ ట్యాంకులో స్టైరీన్ ఉడుకును ఆపే నిరోధక రసాయనం సరిపడా అందుబాటులో లేక, గుజరాత్‌లోని వాపి నుంచి విమానంలో తెప్పించవలసి వచ్చింది. వేల కిలోలీటర్ల ప్రమాదాన్ని ఊరి మధ్య నిల్వ చేసుకోవడానికి అనుమతి ఉంది. దాన్ని చల్లార్చే మందు మాత్రం దేశం ఆ చివర ఉంది. దీన్ని సన్నద్ధత అనగలమా?

రెండేళ్లకు అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం. 2022 జూన్ 3న బ్రాండిక్స్ వస్త్రాల పార్కులో వందలాది మహిళా కార్మికులు ఘాటు వాసనకు సొమ్మసిల్లి పడిపోయారు. తొలుత పొరుగు కర్మాగారం నుంచి అమ్మోనియా అన్నారు. తర్వాత హైదరాబాద్ ప్రయోగశాల పరీక్షల్లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఆనవాళ్లు కనిపించాయన్నారు. ఏ రసాయనమో, ఏ దారిన వచ్చిందో జనానికి తేటగా చెప్పకముందే ఆగస్టు 2న అదే పార్కులో మళ్లీ అదే జరిగింది. మూలం ఏదో తేల్చలేని చోట మొదటి ప్రమాదమే రెండో ప్రమాదానికి పునాది అవుతుంది.

చవకబారిన చట్టం

నేల ఇంతగా మోస్తుంటే, దాన్ని కాపాడే చట్టం ఈ మూడేళ్లలో తేలికైపోయింది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు ఐదేళ్ల దాకా జైలుశిక్ష విధించే వీలు కల్పించింది. 2023లో మణిపుర్ గొడవతో పార్లమెంటు అట్టుడుకుతున్న వేళ జన్ విశ్వాస్ బిల్లు పెద్దగా చర్చ లేకుండానే నెగ్గింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ జైలుశిక్ష స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా వచ్చింది. జరిమానా కట్టకపోతేనే జైలు మాట. అదే ఏడాది నీటి కాలుష్య చట్టాన్నీ ఇదే దారిలో సవరించారు.

కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగి ఎవరికీ శిక్ష పడని పాత పద్ధతి కంటే అధికారి విధించే తక్షణ జరిమానా మేలని ప్రభుత్వం వాదించింది. ఈ వాదనలో కొంత నిజముంది. పాత చట్టం కింద జైలుకు వెళ్లిన పెద్దలు అరుదు. కానీ జరిమానాకు ఆధారం నష్టం లెక్క. నేల ఎంత తాగిందో, నీటిలోకి ఎంత దిగిందో చెప్పే లెక్కే లేనప్పుడు జరిమానాకు కొలత ఏది? ఒక ట్యాంకర్ వ్యర్థాన్ని సక్రమంగా శుద్ధి చేయించే ఖర్చునూ, పట్టుబడితే కట్టే జరిమానానూ, పట్టుబడే అవకాశాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకునే వ్యాపారికి జరిమానా అంటే భయం కాదు, ఖర్చుల పద్దులో ఒక వరుస. జన్ విశ్వాస్ అంటే జనం మీద విశ్వాసమని అర్థం చెప్పారు. విశ్వాసం పరిశ్రమ మీద, భారం జనం మీద పెట్టిన చట్టానికి ఆ పేరు పెట్టడమే పెద్ద చమత్కారం.

మూడు అభ్యంతరాలు

నేల పీల్చుకోదని అనుకోవడం నిజానికి భద్రత వైపు మొగ్గే ఊహ అని సలహా సంస్థలు వాదిస్తాయి. ద్రవమంతా పైనే ఉందనుకుంటే లెక్కలో విషమేఘం పెద్దదవుతుంది, ఎక్కువమందిని తరలిస్తారు కదా అంటాయి. ఇది బలమైన వాదన, మొదటి గంటకు సరైన వాదన. రెండో రోజుకు అదే ఊహ ప్రాణాంతకం. పైనున్నదంతా ఆవిరైపోయిందని లెక్క తేలాక జనాన్ని ఇళ్లకు పంపుతారు, బోరింగు నీళ్లు తోడుకోనిస్తారు, పిల్లలను ఆ మట్టిలో ఆడుకోనిస్తారు. మొదటి గంటకు ఎక్కువ భయపెట్టి, తర్వాతి పదేళ్లకు అసలు భయం లేదని చెప్పే లెక్కను జాగ్రత్త అనరు.

నేల చోటు చోటుకూ మారుతుంది, అంత వివరం ఎక్కడ దొరుకుతుందని రెండో అభ్యంతరం. కేంద్ర భూగర్భ జల మండలి దగ్గర బావుల నీటిమట్టాల వివరాలున్నాయి. నాగ్‌పూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ దగ్గర నేలల పటాలున్నాయి. సూరత్ నగరపాలక సంస్థకు తన కాల్వల పటం ఉండనే ఉంటుంది. ఇవన్నీ ప్రజల డబ్బుతో తయారైనవే. వివరం లేకపోవడం కాదు, ఒక బల్ల మీద పరచకపోవడం అసలు జబ్బు. మోడల్ అక్షరాలా నిజం చెప్పనక్కర్లేదు. ముందుగా ఏ బావి నీటిని పరీక్షించాలో, ఏ కాల్వ గేటు మూయాలో చెబితే చాలు.

దొంగచాటుగా పారబోసే ట్యాంకర్‌ను ఏ కంప్యూటర్ పట్టుకుంటుందని మూడోది. పట్టుకోదు. కానీ పారబోతకు పనికొచ్చే చోట్లు అపరిమితంగా ఉండవు. ట్యాంకర్ వెళ్లగల రోడ్డు, పక్కన కాల్వ, రాత్రి నిర్మానుష్యం, ఈ మూడూ కలిసే చోట్లు ఏ పారిశ్రామికవాడలోనైనా లెక్కపెట్టదగినన్నే. అక్కడి కాల్వలో ఆమ్లం పారుతోందా, క్షారం పారుతోందా అన్నది రోజూ కొలవవచ్చు. ఆమ్లం పారే కాల్వలో సల్ఫైడ్ పడితే ఏ వాయువు, ఎంత, ఎటువైపు అన్నది ముందే లెక్కించి పెట్టవచ్చు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ప్రతి ట్యాంకర్‌కూ బయలుదేరిన చోటు, చేరవలసిన చోటు తెలిపే మానిఫెస్ట్ పత్రం ఉండాలి. ఆ పత్రాలను కాల్వల పటంతో కలిపి చూసే తీరిక ఏ కార్యాలయానికీ లేకపోవడాన్ని సాంకేతిక అసాధ్యమని పిలవకూడదు.

నవాగామ్ అడగవలసినది

1996 నియమాలు సంక్షోభ నివారణ బృందాలకు ఒక విధి అప్పగించాయి. రసాయన ప్రమాదాల నివారణ, సన్నద్ధత గురించి అడిగిన పౌరుడికి సమాచారం ఇవ్వాలి. ముప్పై ఏళ్లుగా ఉన్న ఈ హక్కును వాడుకున్నవారు తక్కువ. వాడుకోవచ్చని చెప్పినవారు ఇంకా తక్కువ.

ఆ హక్కు కింద అడగవలసినవి కొన్నే. జిల్లా అత్యవసర ప్రణాళికలోని ప్రతి వృత్తం వెనుక ఏ మోడల్ ఉంది, ఏ ఊహలతో, ఎవరు, ఏ తేదీన నడిపారు? ఆ ఊహల్లో నేల ఉందా? కాల్వలున్నాయా? గాలి ఆడని రాత్రి ఉందా? సలహా సంస్థకు ఫీజు పరిశ్రమ నుంచి కాక, పరిశ్రమలు జమచేసే ఉమ్మడి నిధి నుంచి, స్వతంత్ర సంస్థ ద్వారా ఎందుకు చెల్లించరు? ప్రతి ఒలికిన ఘటన తర్వాత గంటకు గాలి నమూనా తీసినట్టే, వారానికి మట్టి నమూనా, నెలకు నీటి నమూనా తీసి ఫలితాలను వార్డు కార్యాలయం గోడ మీద అంటించడానికి అడ్డమేమిటి? ఆ కాగితం ఎవరి భాషలో ఉండాలి?

చివరి ప్రశ్న చిన్నది కాదు. మునిసిపల్ బడుల్లో తెలుగు, ఒడియా, మరాఠీ, ఉర్దూ మాధ్యమాలు నడిపిన నగరం సూరత్. పిల్లలకు అక్షరాలు నేర్పడానికి పనికొచ్చిన భాష, తల్లిదండ్రులకు ప్రమాదం చెప్పడానికి పనికిరాదా? ఓటరు జాబితాలో ఈ కుటుంబాలను ఇంటి నంబరుతో సహా వెతికి పట్టుకోగల పార్టీలకు, విషవాయువు పటంలో ఆ ఇల్లు ఏ గీతకు ఇటు ఉందో, అటు ఉందో చెప్పడం తెలియదా? హైదరాబాద్‌లోని రెండు జాతీయ పార్టీల నాయకులకూ, ప్రాంతీయ పార్టీలకూ సూరత్ తెలుగువారు బతుకమ్మ శుభాకాంక్షలు చెప్పడానికి మాత్రమే గుర్తుకు రావాలా?

మోడల్ అంటే తటస్థమైన యంత్రం పలికే సత్యమని పాలకులు నమ్మించజూస్తారు. అది నిజం కాదు. ఏది లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని విడిచిపెట్టాలి అన్న నిర్ణయం కంప్యూటర్ మీట నొక్కకముందే మనుషులు చేస్తారు. నేలను విడిచిపెట్టిన ప్రతిసారీ ఆ నేల మీద నిద్రపోయే మనిషిని కూడా విడిచిపెట్టినట్టే. సచిన్ కాల్వ పక్కన ప్రాణాలు వదిలిన ఆరుగురు ఏ వృత్తంలోనూ లేరు. వారిని లెక్కలోంచి తప్పించింది ట్యాంకర్ డ్రైవర్ ఒక్కడే కాదు. నేలను గచ్చుగా రాసి, సంతకం పెట్టి, దస్త్రం మూసిన ప్రతి చేయీ అందులో భాగస్వామే. ఆ దస్త్రాన్ని తిరిగి తెరిపించడం నవాగామ్ హక్కు. తెరవడానికి నిరాకరించేవాడు, ఏ పార్టీ వాడైనా సరే, ఎందుకు నిరాకరిస్తున్నాడో జనం ముందు జవాబు చెప్పాలి.